నీలగిరి ముందు మోదుగు చెట్టు: మన వసంతాన్ని నీటిరంగుల్లో వేయడం

మా ఇంటికి ఆదివారాలు బొమ్మలు నేర్చుకోవడానికి పిల్లలు వస్తారు. వాళ్ళను దింపడానికి వచ్చి, తామూ ఒక కాగితం అడిగి కూర్చునే అమ్మానాన్నలు ఒకరిద్దరు ఉంటారు. "వసంతం వేయండి" అంటే పదిమందిలో ఎనిమిదిమంది గులాబీ రంగు పూలచెట్టు, వెనక మంచుకొండ, పక్కన ఏరు వేస్తారు. అందరూ నల్లగొండలో పుట్టి పెరిగినవాళ్ళే. మంచుకొండ ఎక్కడ చూశారమ్మా అంటే ఫోన్‌లో అంటారు. తప్పని అనను. కానీ బొమ్మ సగంలో చేయి ఆగిపోయినప్పుడు, కొమ్మ ఎటు వంగుతుందో గుర్తు రానప్పుడు, వెళ్ళి మళ్ళీ చూసి రావడానికి ఆ చెట్టు మనకు దొరకదు. మోదుగు దొరుకుతుంది. ఊరు దాటితే చాలు.

ఇంకో సంగతి. మన వసంతం పచ్చగా ఉండదు. ఫిబ్రవరి నెలాఖరుకే గడ్డి ఎండిపోతుంది, చెలకలు బోసిపోతాయి, గుట్టల మీద బండలు తేలి కనిపిస్తాయి. ఆ ఎండు మధ్యలో ఆకు లేని మోదుగు నిలువెల్లా పూసి ఉంటుంది. కాబట్టి ఈ బొమ్మలో పూలు కాగితంలో పదో వంతు కూడా ఉండవు. మిగతాదంతా ఎండు నేల, పాలిపోయిన ఆకాశం, నీలి గుట్ట. ఆ మిగతాది కుదిరితే పూలు వాటంతట అవే మండుతాయి. కుదరకపోతే ఎంత ఖరీదైన ఆరెంజ్ పూసినా చల్లారిన బొగ్గులాగే ఉంటుంది.

ముందు వెళ్ళి చూసి రండి

ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి నెలంతా అనుకోండి. కాముని పున్నమి నాటికి చెట్ల కింద రాలిన పూలు కూడా కనిపిస్తాయి. దేవరకొండ నుంచి డిండి వైపు వెళ్ళినా, పాలమూరు వైపు అచ్చంపేట దాటి హాజీపూర్, మన్ననూర్ దారి పట్టినా రోడ్డు పక్కనే చెట్లు ఉంటాయి. అంత దూరం పోలేకపోతే మీ ఊరి గుట్ట వెనకో చెరువు గట్టు మీదో వెతకండి. మన్ననూర్ దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ బండి ఆపి అడవిలోకి నడిచి బొమ్మ వేస్తామంటే కుదరదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారిలో బండ్లనే వదలరు. ఊరి దగ్గర చెట్టు చూసుకోవడం మంచిది.

ఉదయం 7, 8 గంటల మధ్య వెళ్ళండి. ఎండ పక్క నుంచి పడుతుంది, చెట్టుకు ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ ఉంటాయి. పదకొండింటికి వెళితే నీడంతా చెట్టు కిందికి చేరి, పూలన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి.

మొదట ఒక పూవు చేతిలోకి తీసుకోండి. చిలుక ముక్కులా వంగిన రేక కనిపిస్తుంది. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నది అందుకే. "ఇది చిలుకా ఏమిటి?" అని అర్థం. ఇప్పుడు పూవు వెనక చూడండి. ముదురు రంగు తొడిమ, మఖమల్ గుడ్డలా నూగుతో ఉంటుంది. విచ్చని మొగ్గలైతే దాదాపు నల్లగానే కనిపిస్తాయి. కొత్తగా వేసేవాళ్ళు మరిచిపోయేది ఈ నలుపునే. మోదుగు ఎర్రగా ఉందనుకుంటాం. కానీ ఎరుపు అంతగా కొట్టొచ్చినట్టు కనబడేది పక్కన ఆ నలుపు ఉండబట్టే.

తరవాత యాభై అడుగులు వెనక్కి రండి. కళ్ళు సగం మూసి చూడండి. పూలు పోతాయి, రంగు ముద్దలు మాత్రం మిగులుతాయి. అవి ఎన్ని? ఏది పెద్దది? వాటి మధ్య ఆకాశం ఎక్కడెక్కడ కనిపిస్తోంది? వేయాల్సింది ఆ ముద్దలనే, ఒక్కొక్క పూవును కాదు. మొద్దును కూడా చూసుకోండి, మోదుగు నిటారుగా పెరగదు. రెండడుగులకోసారి మనసు మార్చుకున్నట్టు వంకర తిరుగుతుంది.

ఫోటో తీసుకోండి కానీ దాన్నే నమ్మొద్దు. ఫోన్ కెమెరా ఆరెంజ్ రంగునంతా ఒకే పూతగా చేసేస్తుంది. పెన్సిల్‌తో చిన్న బొమ్మ గీసుకుని, పక్కన "పైన పసుపు, కింద ఎరుపు, ఎడమ కొమ్మ నీడలో" అని రాసుకోండి. ఆ మూడు ముక్కలు ఇంటికి వచ్చాక ఫోటో కంటే ఎక్కువ పనికొస్తాయి.

సామాను

కాగితం దగ్గర పిసినారితనం వద్దు. పలుచని డ్రాయింగ్ షీటు నీళ్ళు పడగానే అలలు తిరుగుతుంది, రంగు గుంటల్లో చేరుతుంది. తప్పు మీది కాకపోయినా చేతకాలేదేమో అనిపిస్తుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) వాటర్ కలర్ పేపర్ అడగండి, కాస్త గరుకుగా ఉన్నది. 22 × 30 అంగుళాల పెద్ద షీటు కొని నాలుగు ముక్కలు చేసుకుంటే ఒక్కొక్కటి 11 × 15 అంగుళాలు వస్తుంది. మొదటి బొమ్మకు ఆ కొలత చాలు.

రంగులు ఆరు ట్యూబులు: అల్ట్రామరైన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు), యెల్లో ఆకర్ (పసుపు మట్టి రంగు), గాంబోజ్ (వెచ్చని పసుపు), వెర్మిలియన్ (సింధూరపు ఎరుపు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు). నలుపు ట్యూబు కొనకండి, ఉంటే దాచేయండి. అల్ట్రామరైన్, బర్న్ట్ సియెన్నా చిక్కగా కలిపితే వచ్చే నలుపులో ప్రాణం ఉంటుంది. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా ఉంటుంది. మోదుగు కొమ్మకు ఆ రెండూ కావాలి.

రౌండ్ బ్రష్షులు మూడు: 12, 6, 2 నంబర్లు. కాగితాన్ని అట్టకు అతికించడానికి మాస్కింగ్ టేప్, రెండు మగ్గుల నీళ్ళు, ఒక పాత బనియన్ గుడ్డ. నీళ్ళకు వడపోసినవే మేలు. మా బోరు నీళ్ళు ముదురు రంగు మీద ఆరితే తెల్లటి చార మిగిలేది. అది కొమ్మల మీద భలే కనబడేది.

ఆరంజ్ ఎందుకు కొనలేదంటారా? గాంబోజ్, వెర్మిలియన్ ఉంటే ఆరెంజ్‌లు పది రకాలు వస్తాయి. ట్యూబులో ఒక్కటే ఉంటుంది.

మోదుగు పూలు ఉడకబెట్టి కాముని పున్నమికి రంగు చేసుకోవడం మన దగ్గర పాత అలవాటే. అదే రంగుతో బొమ్మ వేస్తే ఎలా ఉంటుందని పిల్లలు అడిగితే వేసి చూశాం. లేత పసుపు పూతగా ముచ్చటగానే వచ్చింది. కానీ అది వెలుతురుకు నిలవదు, కిటికీ పక్కన పెట్టిన బొమ్మ కొన్నాళ్ళకే వెలిసిపోయింది. సరదాకైతే చేయండి, గోడకు తగిలించే బొమ్మకు వద్దు.

గుట్టను ఎక్కడ పెట్టాలి

నల్లగొండకు పాత పేరు నీలగిరి. ఒకే ఊరికి నలుపు, నీలం రెండు రంగుల పేర్లు. బొమ్మలు వేసేవాళ్ళకు ఇంతకంటే మంచి పాఠం లేదు. కాపురాల గుట్ట కింద నిలబడి చూస్తే బండలు నల్లగా, బూడిదగా ఉంటాయి. అదే గుట్టను నాలుగైదు కిలోమీటర్ల దూరం నుంచి చూడండి, నీలం తిరుగుతుంది. దూరం పెరిగేకొద్దీ మధ్యలో గాలి, దుమ్ము పెరిగి రంగు పాలిపోతుంది, వివరాలు పోతాయి.

మన బొమ్మకు దూరపు గుట్టే కావాలి, నీలానికి ఆరెంజ్ ఎదురు రంగు కాబట్టి. పక్కపక్కన పెడితే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. అందుకని పూల ముద్దల్లో సగమైనా గుట్ట మీద పడేలా చెట్టును నిలబెట్టండి. చెట్టు కాగితం నడిమధ్యలో ఉండొద్దు. అడ్డంగా మూడు భాగాలు అనుకుని, ఎడమనో కుడినో ఉన్న గీత మీద పెట్టండి. నేల, ఆకాశం కలిసే గీత కింది మూడో వంతులో ఉంటే చెట్టు ఎత్తుగా కనిపిస్తుంది.

అగ్గిపెట్టెంత గడుల్లో పెన్సిల్‌తో ఇలాంటివి మూడు నాలుగు గీసి చూసుకోండి. ఐదు నిమిషాల పని. దీన్ని ఎగ్గొట్టినవాళ్ళే తరవాత గంటసేపు టెన్షన్ పడతారు.

పెన్సిల్ గీత

తేలిగ్గా గీయండి, కాగితం మీద గాడి పడకూడదు. గుట్ట అంచు, నేల గీత, మొద్దు, మూడు నాలుగు పెద్ద కొమ్మలు, పూల ముద్దల చుట్టుగీతలు, ఇంతే. కొమ్మ మొదట్లో లావుగా మొదలై చివరికి సన్నబడాలి. మధ్యలో మళ్ళీ లావెక్కితే పాము మింగినట్టుంటుంది. ముద్దల అంచులు చిరిగిన గుడ్డ అంచులా ఉండాలి, మబ్బుల్లా గుండ్రంగా వద్దు.

ఆకాశం, గుట్ట

ఇక్కడ మన ఎండ గురించి చెప్పాలి. పుస్తకాల్లో, వీడియోల్లో "తడి ఆరేలోపు నిదానంగా" అంటారు. ఆ నిదానం చలి దేశాల్లో. మార్చిలో మన దగ్గర పూత ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. సగంలో ఆరితే అంచు గీతలా నిలిచిపోతుంది. దానికి మూడు ఉపాయాలు. నీడలో కూర్చోండి, ఫ్యాన్ ఆపండి. టేప్ వేయకముందే కాగితం వెనక వైపు తడిపి, అట్టకు మీగడలా అతుక్కున్నాక ముందు వైపు తడపండి. ఇంకా చాలకపోతే రంగు కలిపే నీళ్ళలో మందుల షాపులో దొరికే గ్లిజరిన్ రెండు మూడు చుక్కలు వేయండి. ఎక్కువైతే రోజంతా జిగటగానే ఉంటుంది, జాగ్రత్త.

పూలు పడే చోటు తప్ప పైభాగమంతా 12 నంబరు బ్రష్‌తో నీళ్ళు పూయండి. కింది వైపు, గుట్ట దగ్గర, బాగా పలచని యెల్లో ఆకర్. పైనుంచి పలచని అల్ట్రామరైన్. రెండూ మధ్యలో వాటంతట అవే కలవనివ్వండి, మీరు కలపొద్దు. మార్చి ఆకాశం వానాకాలం ఆకాశంలా ముదురు నీలం కాదు, పాలు కలిసినట్టుంటుంది.

అది పూర్తిగా ఆరాక గుట్ట. అల్ట్రామరైన్‌లో కొంచెం బర్న్ట్ సియెన్నా, ఆకాశం కంటే ఒక మెట్టు ముదురు. పైఅంచు స్పష్టంగా, కింది భాగం మంచినీళ్ళ బ్రష్‌తో కరిగిపోయేలా. పూల ముద్దల చుట్టూ తిప్పుకుంటూ, వాటిలోకి పోకుండా వేయండి. ఆ తెల్ల కాగితమే మన నిప్పు. ముందు నీలం అంతటా పూసి, తరవాత దాని మీద ఆరెంజ్ వేద్దామని అందరికీ అనిపిస్తుంది. నీటిరంగు పారదర్శకం కాబట్టి కింది నీలం పైకి కనిపించి ఆరెంజ్ బురద రంగవుతుంది.

తెల్లగా వదలడానికి మాస్కింగ్ ఫ్లూయిడ్ అని రబ్బరు ద్రవం అమ్ముతారు. నేను ఒకసారి అది పూసిన కాగితాన్ని స్కూటర్ సీటు మీద ఎండలో వదిలేసి టీ తాగడానికి వెళ్ళాను. వచ్చేసరికి రబ్బరు కాగితంతో కలిసిపోయింది. లాగితే పొరలు పొరలుగా చిరిగింది. బ్రష్ కూడా పోయింది, ముందుగా సబ్బు నీళ్ళలో ముంచకపోవడం వల్ల. అప్పటినుంచి చేత్తోనే చుట్టూ తిప్పుకుంటున్నాను. అంచులు కూడా అలాగే సహజంగా వస్తాయి.

నేల

ఎర్ర చెలక నేల అయితే బర్న్ట్ సియెన్నాలో ఆకర్, ఎండు గడ్డి అయితే ఆకర్ ఎక్కువ. దూరాన పలచగా, దగ్గరికి వచ్చేకొద్దీ చిక్కగా. ఆరాక, బ్రష్‌లో నీళ్ళు గుడ్డకు అద్ది, దాదాపు పొడిగా పక్కకు లాగితే గరుకు కాగితం మీద గడ్డి దుబ్బులు వాటంతట అవే వస్తాయి. ఒక్కొక్క గడ్డిపోచా గీయకండి.

కాలువ కింద ఊరైతే యాసంగి వరి పచ్చగా ఉంటుంది. గాంబోజ్, అల్ట్రామరైన్, రవ్వంత సియెన్నా కలిపి దూరాన సన్నటి పట్టీ వేయొచ్చు. వేలి మందం దాటితే చూపు అటే పోతుంది. దాని వెనక రెండు తాటిచెట్లు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, గుట్ట రంగు కంటే కొంచెం ముదురుగా. తాటిచెట్టు లేని నల్లగొండ దృశ్యం నాకు అసంపూర్తిగా అనిపిస్తుంది. మీకు నచ్చకపోతే వదిలేయండి.

పూలు

ఇక్కడికి వచ్చేసరికి కాగితం పూర్తిగా ఆరి ఉండాలి. అరచేతి వెనక భాగంతో తాకి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

పళ్ళెంలో మూడు కుప్పలు చిక్కగా కలుపుకోండి. మొదటిది గాంబోజ్‌లో కాస్త వెర్మిలియన్. రెండోది వెర్మిలియన్‌లో కాస్త గాంబోజ్. మూడోది వెర్మిలియన్, క్రిమ్సన్, చిటికెడు సియెన్నా. ఆరితే నీటిరంగు పలచబడుతుంది కాబట్టి మీరు అనుకున్నదాని కంటే ఒక పాలు చిక్కగా ఉండనివ్వండి.

6 నంబరు బ్రష్‌ను నిలువుగా కాకుండా పక్కకు పడుకోబెట్టి, ఎండ పడే వైపు మొదటి కుప్పతో చిన్న చిన్న అద్దకాలు వేయండి. అది తడిగా ఉండగానే మధ్యలో రెండో కుప్ప, కింద నీడ వైపు మూడోది తాకించి వదిలేయండి. రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. పాకనివ్వండి. బ్రష్ పెట్టి సర్దాలని చేయి లాగుతుంది, అప్పుడు బ్రష్ మగ్గులో పెట్టేసి లేచి మంచినీళ్ళు తాగి రండి. నిజంగానే చెబుతున్నాను. నేను పాడుచేసిన మోదుగు చెట్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క నిమిషంలో పాడైనవే.

ఒక ముద్ద అయ్యాక రెండోది. అన్నీ ఒకే సైజులో రానివ్వకండి. అక్కడక్కడా ఆవగింజంత తెల్ల కాగితం మిగిలితే ఎండ తళుకులా ఉంటుంది. ముద్దల మధ్య ఆకాశం కనబడే సందులను మాత్రం మూయొద్దు.

కొమ్మలు, మొగ్గలు, నీడ

పూలు ఆరాక మన నలుపు కలపండి. మొద్దుకు ఎండ వైపు పలచని బూడిద రంగు, నీడ వైపు చిక్కటి నలుపు. కొమ్మను ఒకే గీతగా లాగకండి. ముద్ద వెనక్కి వెళ్ళి మాయమై, సందులో మళ్ళీ కనిపించి, ఇంకో ముద్దలో దూరాలి. 2 నంబరు బ్రష్‌ను చివర పట్టుకుంటే చేయి కొంచెం వణుకుతుంది, ఆ వణుకే మోదుగు కొమ్మకు కావాల్సింది. తరవాత ముద్దల కింది అంచుల్లో, కొమ్మల చివర్లలో అదే నలుపుతో మొగ్గల చుక్కలు గుత్తులు గుత్తులుగా పెట్టండి. పెట్టీ పెట్టగానే పక్కనున్న ఎరుపు ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. ఈ క్షణం కోసమే నేను ఇదంతా వేస్తాను.

చెట్టు నీడకు అల్ట్రామరైన్, కొంచెం క్రిమ్సన్, కొంచెం సియెన్నా పలచగా. ఒక్క ఊపులో వేసి వదలండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే నీడ కూడా దానితో పాటే వంగాలి, గట్టు ఎక్కేచోట పైకి విరగాలి. రాలిన పూలు నీడలో ముదురుగా, ఎండలో లేతగా, మొద్దుకు దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ.

గుట్ట మీద విడిగా రెండు మూడు పూలు కావాలనిపిస్తే అప్పుడు ఆరెంజ్ పోస్టర్ కలర్ వాడొచ్చు, అది కింది రంగును కప్పేస్తుంది. పది చుక్కలకు మించొద్దు. ఆకాశంలో నాలుగు గీతల పక్షులు మాత్రం దయచేసి వద్దు.

టేప్‌ను బాగా ఆరాకే, కాగితానికి దూరంగా ఏటవాలుగా, మెల్లగా లాగండి. వెనకాల తేదీ, ఊరు రాసుకోండి.

చెడిపోతే

పూలు టమాట తొక్కులా ఒకే ముద్దయితే, ఆరనిచ్చి మూడో కుప్పతో నీడలు, నలుపుతో సందులు పెట్టండి, చాలావరకు బాగుపడుతుంది. ఆరెంజ్‌లోకి నీలం పాకి గోధుమ రంగయితే వెంటనే తడి బ్రష్‌తో నానబెట్టి, గుడ్డతో అద్ది తీయండి. ఆరిపోయి ఉంటే ఇక రుద్దకండి, కాగితం లేస్తుంది. ఆ కొమ్మను నీడలో ఉన్న కొమ్మగా మార్చేయండి. గుట్ట మరీ ముదురైతే తడిపిన స్పాంజితో ఒకసారి తుడిస్తే దుమ్ము పట్టినట్టు వెనక్కి పోతుంది.

మోదుగు అయ్యాక

ఇదే పద్ధతిలో కొండగోగు వేయొచ్చు. బండల గుట్టల మీద ఆకు లేకుండా పెద్ద పెద్ద పసుపు పూలు పూస్తుంది. పసుపుకు ఎదురు రంగు ఊదా కాబట్టి వెనక గుట్టలో క్రిమ్సన్ పాలు పెంచండి. పూలు లేకుండానే వసంతం వేయాలంటే గానుగ లేత చిగురు, రావి రాగి రంగు చిగురు ఉన్నాయి. వేపపూత మాత్రం కష్టం, తెల్లటి పూత తెల్ల ఆకాశం మీద అసలు కనిపించదు, వెనక ముదురు గోడో ఇల్లో ఉండాలి. తంగేడును వసంతంలో పెట్టకండి, అది నిండుగా పూసేది బతుకమ్మ రోజుల్లో. తురాయి కూడా ఏప్రిల్, మే ఎండల చెట్టు, పైగా మడగాస్కర్ నుంచి వచ్చింది.

బూరుగు దొరికితే వదలొద్దు. దాని పూలు మోదుగు కంటే పెద్దవి, దళసరివి, కొమ్మలు మొద్దు చుట్టూ అంతస్తులుగా అడ్డంగా చాస్తాయి కాబట్టి గీయడం కూడా తేలిక. కానీ చెట్టు కింద కూర్చుని వేయకండి. ఒక్కో పూవు దబ్బున పడుతుంది, పడితే సరిగ్గా రంగుల పళ్ళెంలోనే పడుతుంది.